మఱ త్రిప్పుటకు ముందు



బాలాపురమనఁగానే నగరవాసులకు వినాయకుని లడ్డూ జ్ఞప్తికి వచ్చును. 1994వ సంవత్సరమున 450 రూపాయలకు వేలము పాడిన యా ప్రసాదము 2025 నాఁటికి 35 లక్షలకుఁ జేరినది. మేమీ నెల వ్రాయఁబూనినది దానిని గుఱించి కాదు. కాని మా వీథిలో జరిగిన యీ సంగతియు నొక వెలతోడనే మొదలైనది.

మాకుఁ జెల్లెలి వరుసయగు నొక యిల్లాలు శ్రావణమాసపు వాయనమునకు వచ్చి, తాంబూలము పుచ్చుకొని, గడపకడ నిలిచి, "అక్కా, గాజులు బ్యాంకుల పెట్టి అప్పు తెద్దామనుకుంటున్న. బావగారినడిగి వడ్డీ యాడ తక్కువో చెప్తవా?" అని మెల్లగా నడిగెను. కారణమడుగఁగాఁ గన్నీరు పెట్టుకొనెను. ఆమె కూఁతురు పదునైదేండ్ల పిల్ల. రెండేండ్లనుండి గాలి పిస్తోలుతో గుఱికొట్టుట నేర్చుకొనుచున్నది. సొంత పిస్తోలు లేదు; నేర్పుచోట నలుగురు పిల్లలకుఁ గలిపి యిచ్చిన దానితోనే యభ్యాసము. అక్కడఁ జక్కఁగాఁ గొట్టు పిల్ల, మొన్నటి పోటీలో మొదటి పది గుండ్లలో నాలుగు ఎడమవైపునకుఁ గ్రిందుగాఁ బోవఁగా బెదరి, సైటు మఱలు త్రిప్పుచు, కొట్టుచు, మరలఁ ద్రిప్పుచు, కడకు ఏ గుండెక్కడఁ బడునో తనకే తెలియని స్థితికి వచ్చినదఁట. 600కు 519 అంకములు వచ్చినవి. ఇంటికి వచ్చి, "ఆ పిస్తోలు సైట్లు పాడైనయి, సొంతది కొనకపోతే నేను మానేస్త" నని కూర్చున్నది. తండ్రి, "మానితే మంచిదే, ఆడపిల్లకు పిస్తోలెందుకు?" అనెను. విదేశమునుండి వచ్చు పోటీ పిస్తోలు వెల లక్ష రూపాయలకుఁ బైమాటయే. తల్లి మాత్రము బిడ్డ రెండేండ్ల పాటు ఒక్క పూఁటలో వ్యర్థమగుట కోర్వలేక, తన చేతులవంకఁ జూచుకొనుచున్నది.

తుపాకుల సంగతి మాకేమి తెలియును? అయినను పది దినములాగుమని చెప్పి, ఒక యాదివారము తల్లీబిడ్డలతోఁ గూడ మేమును బయలుదేఱి పోయితిమి. చూచినదియు, ఆ శిక్షకుని నడిగినదియు, పిమ్మట చదివి తెలిసికొన్నదియుఁ గలిపి యిక్కడ వ్రాయుచున్నాము. ఇట్టి బిడ్డలున్న తల్లులు నేఁడు మన పాఠకురాండ్రలో ననేకులుందురని మా నమ్మకము.

మొదట ఆ పని యెంత సూక్ష్మమైనదో చెప్పవలెను. గుఱికాగితము పది మీటరుల దూరమున, అనఁగా సుమారు 33 అడుగుల యెడమున నుండును. దాని నడుమనున్న నల్లని గుండ్రము అడ్డుకొలత 59.5 మిల్లీమీటరులు, చిన్న వడయంత. అందులోఁ బది అంకములు వచ్చు నడిమి వలయము 11.5 మిల్లీమీటరులు మాత్రమే. మగవారి చొక్కా గుండీ యంత యనుకొనుఁడు. దానిని ఒంటిచేతితో, చేయి చాఁచి, దేనికి నానుకొనక కొట్టవలెను. దూరదర్శినివంటి యద్దములు పిస్తోలుపైఁ బెట్టుటకు నియమములొప్పుకొనవు. 60 గుండ్లకు 75 నిమిషముల గడువు. అంతకు ముందు 15 నిమిషములు అంకములు లెక్కకు రాని గుండ్లు కావలసినన్ని కొట్టి సైట్లు సరిచేసికొనవచ్చును. పిస్తోలు సుమారొక కిలో తూఁగును. అదెంత బరువని యెవరికైనఁ దోఁచిన, నిండు నీళ్లచెంబు పట్టుకొని చేయి చాఁచి గడియారమువంకఁ జూచుచు నిలువుఁడు. ఇరువది క్షణములకుఁ జెంబులోని నీరే సమాధానము చెప్పును. మేము చెంబుతోను జూచితిమి, పిస్తోలుతోను జూచితిమి, రెండింటను ఓడితిమి.

ఇంకొక మాట యిక్కడనే చెప్పి విడిచెదము. ఆ గుండ్లు సీసముతోఁ జేసినవి. పిల్లలు అభ్యాసము ముగించి వచ్చినచో, చేతులు సబ్బుతోఁ గడుగుకొనకుండ ముద్ద నోటఁ బెట్టనీయకుఁడు. మఱియు గుండు లేదని తెలిసినను పిస్తోలు కొన మనిషివంక త్రిప్పరాదు. కొట్టు క్షణముదాఁక వ్రేలు మీటపై నుంచరాదు. అక్కడి పిల్లలందఱు దానిని మడి కట్టుకొన్నంత నిష్ఠగాఁ బాటించుట చూచి మాకు సంతోషమైనది.

ఇఁక సైట్ల సంగతి. గొట్టము కొనయందు నిలువుగా నొక చిన్న లోహపుఁ బలక యుండును. అది ముందు సైటు. ఉర్దూలో దానిని మఖీ, అనఁగా ఈఁగ యందురు. కంటి కీవలివైపున, నడుమఁ జదరపు గంటుగల యింకొక పలక యుండును; అది వెనుక సైటు. గంటు నడుమ నీఁగ నిలిచి, ఇరుప్రక్కల సమానమైన వెలుఁగు గీఁతలు కనఁబడుచు, రెంటి తలలును ఒక్క మట్టముననున్నచో గొట్టము తిన్నఁగానున్నదని యర్థము. వెనుక సైటునకు రెండు మఱలుండును. ఒకటి దానిని కుడియెడమలకు జరుపును, రెండవది పైకిఁ గ్రిందికి జరుపును. త్రిప్పినప్పుడెల్ల టక్కుమని చిన్న చప్పుడగును. ఆ చప్పుళ్లనే లెక్కించుకొందురు.

సూత్రమొక్కటే: గుండు ఎటు పోవలెనో వెనుక సైటును అటు జరుపవలెను. గుండ్లెడమకుఁ బడుచుండిన సైటును కుడికి. క్రిందఁ బడుచుండిన పైకి. కారణమును మనసునకుఁ దెచ్చుకొన్న మఱపు రాదు. వెనుక పలక పైకి లేచినచో, ముందున్న యీఁగను దానితో మట్టము చేయుటకై చేయి తనకుఁ దెలియకయే గొట్టపు కొన నెత్తును. గుండు పైకిఁ బోవును. ముందు సైటును మార్చునప్పుడు మాత్రమంతయుఁ దలక్రిందులు. ఇందులో నొక మోసమున్నది. మఱలపైఁ జెక్కిన యక్షరములు కొన్నిటిపై గుండు పోవలసిన దిక్కును సూచించును, కొన్నిటిపై నిప్పుడు తప్పి పోవుచున్న దిక్కును సూచించును. కాఁబట్టి పిస్తోలుతో వచ్చిన పుస్తకమును జదువక మఱ ముట్టరాదు. మన పిల్ల దానిని జదివియుండలేదు. నలుగురి చేతులు మాఱిన పిస్తోలునకుఁ బుస్తకమెక్కడ మిగులును?

సైటులో ఎంత వంకరకు గుఱికాగితముపై నెంత దూరము తప్పునను ప్రశ్న మాకు వచ్చెను. ఇంటికి వచ్చి యడుగఁగా, బడిలో రేఖాగణితము చెప్పు మా యింటివారు పలకపై రెండు సరూప త్రిభుజములు గీసి చూపిరి. సైట్ల నడుమ దూరము 35 సెంటీమీటరులనుకొందము. కంటినుండి గుఱికి పది మీటరులు. అనఁగా సైటులోని తప్పు గుఱికడకుఁ బోవునప్పటికి 28 రెట్లకు మించి పెరుగును. ఈఁగ గంటులో నొక్క మిల్లీమీటరు ప్రక్కకుఁ దొలఁగినచో గుండు 28 మిల్లీమీటరులు తప్పి, పది రావలసినచోట ఏడు వచ్చును. అట్లుగాక, సైట్లు రెండును చక్కఁగా మట్టముననే యుండి, చేయి మొత్తముగా 5 మిల్లీమీటరులు ప్రక్కకు జరిగెననుకొనుఁడు. గుండును ఆ 5 మిల్లీమీటరులే జరుగును, అప్పటికిని పదియే వచ్చును. ఈ లెక్క చూచినప్పుడు మాకుఁ గన్ను తెఱచినట్లయ్యెను. చేయి వణఁకుట యంత దోషము కాదు. మణికట్టు మడుఁగుట గొప్ప దోషము. చేయి వణఁకుచున్నదని యేడ్చు పిల్లలకు ఈ త్రిభుజములు గీసి చూపుఁడు.

దీనినిబట్టియే యింకొక సంగతి తెలియుచున్నది. కన్ను ఏకకాలమున దగ్గఱ వస్తువును, దూరపు వస్తువును రెంటిని స్పష్టముగాఁ జూడలేదు. వెనుక సైటు, ముందు సైటు, గుఱి అను మూఁడింటిలో దేనిని స్పష్టముగాఁ జూడవలెను? మాకు భారతమున ద్రోణాచార్యుని పరీక్ష జ్ఞప్తికి వచ్చెను. చెట్టు కనఁబడుచున్నదా, మేమందఱము కనఁబడుచున్నామా యని గురువడుగఁగా, పక్షి తల తప్ప నేమియుఁ గానరాదని పార్థుఁడు చెప్పెను గదా. ఆ మాటనే శిక్షకునితో నంటిమి. అతఁడు నవ్వి, "అమ్మా, ఇక్కడ అర్జునుడు ఓడిపోతడు" అనెను. పిస్తోలు కొట్టువారు గుఱిని జూడరాదఁట! ఈఁగ తల సూదిమొనవలె స్పష్టముగానుండవలెను. నల్లని గుండ్రము మసక మసకగాఁ గనఁబడవలెను. అంతియ కాదు. అనేకులు నల్లని గుండ్రము నడుమకైన గుఱిపెట్టక, దాని క్రింది తెల్లని భాగమున గుఱి నిలిపి, గుండు నడుమకుఁ బోవునట్లు సైట్లు సరిచేసికొందురు. నలుపుపై నల్లని యీఁగ కానరాదు గనుక. ఒకచోటఁ జూచి యింకొకచోటఁ గొట్టుట! నీటిలోని నీడను జూచి పైనున్న మత్స్యయంత్రమును గొట్టెనని మన పెద్దలు చెప్పు కథయే దీనికి దగ్గఱ యని మేమంటిమి. ఆ మాట అతఁడొప్పుకొనెను.

ఇప్పుడు మన పిల్ల సంగతికి వత్తము. శిక్షకుఁడామెకు నైదు గుండ్లిచ్చి, మఱలు ముట్టవద్దనియు, ఎక్కడఁ బడినవో చూడవద్దనియుఁ జెప్పి కొట్టించెను. కాగితము తెచ్చి చూడఁగా మూఁడు దగ్గఱదగ్గఱగా నెడమ ప్రక్కను, ఒకటి నడుమకుఁ జేరువగాను, ఒకటి దూరముగాఁ గ్రిందఁ బడియుండెను. మఱి యైదు కొట్టించెను. ఇంచుమించుగా నదియే తీరు. అతఁడు చెప్పినదేమనఁగా: గుండ్లన్నియు నొక్కచోట గుమిగూడి, ఆ గుంపు మొత్తము నడుమకుఁ బ్రక్కగానున్నచో తప్పు సైటుది, మఱ త్రిప్పవలసినదే. గుండ్లు చెదరి పడినచో తప్పు చేతిది, మఱ ముట్టరాదు. ఒక్క గుండును జూచి మఱ త్రిప్పువాఁడు చేతి తప్పును సైటులోనికెక్కించుచున్నాఁడు. తరువాతి గుండు సరిగాఁ గొట్టినను అది తప్పుచోటికే పోవును. దానిని జూచి మరల త్రిప్పును. ఇదియే ఆ పిల్ల పోటీలోఁ జేసినది.

కూర అడుగంటిన నాఁడు పొయ్యినే తిట్టుట మనకుఁ గొత్త కాదు. కాని యిక్కడఁ బొయ్యిదియుఁ గొంత తప్పున్నదని మేము పట్టుదలగా నంటిమి. ఎడమప్రక్క నున్న మూఁటి మాటయేమి? అవి గుంపుగానే యున్నవి గదా! శిక్షకుఁడొప్పుకొనెను. ఆ పిస్తోలును నలుగురు వాడుదురు. ఒక్కొక్కరి కన్ను వేఱు, పట్టు వేఱు. ముందు వాడిన పిల్ల తన కంటికిఁ దగినట్లు త్రిప్పుకొని పోవును. అందుచేత కొంత యెడమకుఁ బోవుట నిజమే. పైగా అభ్యాసమైన చోటి దీపములు వేఱు, పోటీ మందిరపు దీపములు వేఱు. వెలుఁగు మాఱినచో నీఁగ తల కంటికిఁ గనఁబడు తీరు మాఱును, గుండు పడుచోటు నించుక మాఱును. ఆ మొదటి 15 నిమిషములున్నది ఇందుకే. కాని క్రిందికి దూరముగాఁ బోయిన గుండ్లు మాత్రము సైటువి కావు. కుడిచేతివాటపు వారికి గుండు ఎడమవైపున గ్రిందఁ బడుట, మీటను మెల్లగా నొక్కక గభాలున లాగుటకుఁ జిహ్నమఁట.

పిల్ల నమ్మలేదు. "నేను లాగలేదు" అని కన్నీటితో వాదించెను. అప్పుడతఁడు గుఱిని విడిచి తెల్లని గోడకెదురుగా, రెండు మూరల దూరమున నిలుచుండఁబెట్టి, గుండు లేని పిస్తోలుతో, ఈఁగనే చూచుచు మీట నొక్కుమనెను. గోడపై గుఱి లేదు. కొట్టితినా తప్పితినా యను చింత లేదు. నాలుగవసారి మీట నొక్కినప్పుడు పిల్ల తానే, "అయ్యో, కిందికి పోయింది" అనెను. ఈఁగ తల క్రుంగుట తన కంటఁ జూచినది. అంతటితో వాదము ముగిసెను. ఆ గోడ యభ్యాసమునకు డబ్బక్కఱలేదు, దూరమక్కఱలేదు. సున్నము వేసిన గోడ యొకటి చాలును. ఇప్పుడామె యింటనున్నప్పుడు దినమున కిరువది నిమిషములు, పిస్తోలు లేనందున దానంత బరువుగల కొయ్య ముక్కకు మీటవలె నొక తీగను దిగించుకొని, గోడ కెదురుగా నిలుచుచున్నది. వంటయింటి గోడయే యందులకు దొరకినది. తల్లి పోపు వేయునప్పుడు మాత్రము తప్పుకొనును.

మఱియొక లోపమును మేమే పట్టితిమని చెప్పుకొనుటకు సెలవిండు. పిస్తోలు పిడి కొయ్యది; అది పెద్దవారి యరచేతికిఁ దగినట్లు చెక్కినది. పిల్ల చేయి చిన్నది. పట్టినప్పుడు అరచేతికిని పిడికిని నడుమ వ్రేలు దూరునంత సందుండుట చూచి, కత్తిపీఁట పిడి వదులైన కూర తఱుగుట యెట్లుండునో యెఱిఁగిన వారము గనుక, ఇది సరియా యని యడిగితిమి. సరి కాదనియే చెప్పిరి. పెద్ద క్రీడాకారులు పిడిని గరుకుకాగితముతో నరగదీసియు, కొయ్యపొడి కలిపిన లప్పముతో నింపియుఁ దమ చేతికిఁ దగినట్లు చేసికొందురఁట. ఉమ్మడి పిస్తోలు నరగదీయరాదు గదా! కాఁబట్టి చిన్న పిడి నొకదానిని వేఱుగాఁ దెప్పించి, దీనికి బిగించుట నిశ్చయమైనది. దాని వెల పిస్తోలు వెలలో నెన్నవ వంతో. గాజులదాఁక పోవలసిన పని లేకపోయెను.

పనిముట్టు నిజముగాఁ జెడిన దినములును గలవు. 2021 జూలై 25న టోక్యో ఒలింపిక్సులో మను భాకర్ పది మీటరుల పోటీ నడుమ పిస్తోలు చెడి, బాగుచేయించుకొని వచ్చునప్పటికిఁ జాల నిమిషములు పోయినవి. మిగిలిన కొద్ది కాలమున గబగబ కొట్టి 575 అంకములు తెచ్చుకొన్నది. కడపటి పోటీకి రెండంకములు తక్కువై 12వ స్థానమున నిలిచినది. అదియంతయు యంత్రము తప్పు. ఆమెయే 2024 జూలై 28న ప్యారిస్సులో నదే పోటీయందుఁ గాంస్యపతకము గెలిచినది. యంత్రమునకు వచ్చిన తప్పును యంత్రముకడనే విడిచినది కాఁబట్టి యది సాధ్యమైనదని మా యూహ. తన చేతిని శంకించి మాని యుండినచో ఆ పతకమెక్కడిది?

ఆ యింటి యజమానుని ప్రశ్నకును జవాబు చెప్పవలసి వచ్చెను. ఆయన మాయెదుట మాటాడరు. మా యింటివారితో వాకిట నరుఁగుపైఁ గూర్చుండి యన్న మాటలు మాకు లోపలికి వినఁబడినవి. ఆఁడువారి పిస్తోలు పోటీ ఒలింపిక్సులో 1984లోఁ జేరినది. పది మీటరుల గాలి పిస్తోలు 1988లోఁ జేరినది. చిరకాలము మగవారికి 60 గుండ్లు, ఆఁడువారికి 40 గుండ్లు అను భేదముండెను. 2018నుండి యిరువురకు నఱువదే. ఇదంతయు దూరపు సంగతి యనుకొన్నచో, మన హైదరాబాదు పిల్ల ఈషా సింగ్ ఉన్నది. 2005లోఁ బుట్టినది. ఆమె తండ్రి యింటనే కాగితపు గుఱితో నభ్యాసమున కేర్పాటు చేసెననియు, పూణెకుఁ గొనిపోయి, 2012 లండను ఒలింపిక్సులో రైఫిలుతోఁ గాంస్యము తెచ్చిన మన నగరవాసి గగన్ నారంగ్ శిక్షణాలయమున నేర్పించెననియుఁ బత్రికలు వ్రాసినవి. పదుమూఁడేండ్ల వయస్సున, 2018లో, జాతీయ పోటీలయందుఁ బెద్దలను మించి బంగారుపతకము గెలిచినది. 2023లో హాంగ్‌ఝౌ నగరమున జరిగిన ఆసియా క్రీడలలో నాలుగు పతకములు తెచ్చినది, అందొకటి బంగారము. ప్యారిస్సులో మాత్రము 25 మీటరుల పోటీయందుఁ గడపటి యంకమునకుఁ జేరలేక 18వ స్థానముననే యాగినది. మానలేదు. మరుసటి యేఁడు, 2025లో, నింగ్బో నగరపు ప్రపంచకప్పులోఁ బది మీటరుల బంగారమును గెలిచినది. ఇవన్నియు మా యింటివారు చెప్పఁగా నాయన చాలసేపు మాటాడలేదు. పిమ్మట, "పోయి వచ్చుటకు బస్సు ఖర్చెంతయగును?" అని యడిగెను. మేము వంటయింటిలోనుండి విని కాఫీ కలిపి పంపితిమి.

తరువాతి పోటీ కార్తికమాసమున వచ్చెను. అప్పటికిఁ బిల్ల యొక చిన్న నోటుపుస్తకము పెట్టుకొన్నది. పిస్తోలు చేతికి వచ్చిన ప్రతి దినమును వెనుక సైటు మఱలను ఒక కొసదాఁక త్రిప్పి, అక్కడనుండి తనకుఁ దగినన్ని చప్పుళ్లు లెక్కించి నిలుపుకొనును; ఎన్ని చప్పుళ్లో, ఏ దీపముల క్రిందనో, గుంపెక్కడఁ బడెనో యందులో వ్రాయును. ముందటి పిల్ల యెట్లు త్రిప్పి పోయినను దిగులు లేదు. పోటీ దినమున మొదటి 15 నిమిషములలో నైదేసి గుండ్లుగాఁ గొట్టి, గుంపు కుడికి జరిగియుండుట చూచి, ఎడమకు రెండు చప్పుళ్లు త్రిప్పి, మరల నైదు కొట్టి చూచుకొన్నదఁట. పిమ్మట 60 గుండ్లు ముగియుదాఁక మఱ ముట్టలేదు. నడుమ నొక గుండు ఆఱంకమునకుఁ బడినను ముట్టలేదు. పిస్తోలు బల్లపైఁ బెట్టి, కన్నులు మూసికొని, మనసులో తెల్లగోడను జూచుకొన్నదఁట. 547 వచ్చినవి. పతకము రాలేదు, పదునొకండవ స్థానము.

ఆ సాయంత్రము తల్లి మా యింటికి వచ్చి 547 అని కాగితముపై వ్రాసి చూపినది. గాజులు చేతికున్నవి. కొత్త పిడికిఁ గొంచెము గరుకుకాగితము కావలెనని పిల్ల చెప్పి పంపినదఁట. మా యింటివారు బడి పిల్లల కొయ్యపనికై తెచ్చిన దానిలో నొక రేకు చించి యిచ్చితిమి.